సైడ్ ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారుకు సీటు కవర్లు వేయించవచ్చా? చట్టం ఒప్పుకుంటుందా?

కవరు మారిస్తే ఆర్‌సీ వివరాలేవీ మారవు, కాబట్టి చట్టంతో పేచీ లేదు. అనుమతి లేకుండా సీట్లు తీసేసినా, అదనంగా బిగించినా మాత్రం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డొస్తుంది. 182ఏ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ.

అసలు భయపడాల్సింది ఎయిర్‌బ్యాగ్ గురించే. చాలా కార్లలో అది ముందు సీటు వీపులో, డోరు వైపు అంచున ఉంటుంది. అక్కడ చిన్న ట్యాగ్ కనిపిస్తుంది. ఢీకొన్నప్పుడు ఆ అంచున సీటుకున్న కుట్టు చిరిగి రెప్పపాటులో బ్యాగ్ బయటికి రావాలి. మందపాటి రెక్సిన్ బిగించి కుడితే ఆలస్యంగానో, పక్కదారినో తెరుచుకోవచ్చు. ఆ అంచు వదిలేసిన కవరో, అక్కడ తేలిగ్గా తెగే కుట్టున్న కవరో అడిగి తీసుకోండి. సీటు విప్పాల్సి వస్తే బ్యాటరీ నెగటివ్ తీసి, మాన్యువల్ చెప్పినంతసేపు ఆగాకే సీటు కింది ఎయిర్‌బ్యాగ్ కనెక్టర్‌ను ముట్టుకోవాలి.