పశువుల డాక్టర్‌కు ల్యాబ్‌లో ఏం పని?

ప్రశ్న: మా అమ్మాయి బీవీఎస్సీ (పశువైద్య డిగ్రీ) నాలుగో ఏడాది. మాకు పది గేదెలున్నాయి. చదువయ్యాక మా వైపే పోస్టింగ్ వస్తే చాలనుకున్నాం. తను మాత్రం ఆ పై చదువు ఎంవీఎస్సీలో వెటర్నరీ పబ్లిక్ హెల్త్ (పశువుల నుంచి, పాలు, మాంసం నుంచి మనుషులకు వచ్చే ముప్పును చూసే విభాగం) తీసుకుని రీసెర్చ్ చేస్తానంటోంది. పాలు, మాంసం పరీక్షించడానికి డాక్టర్ చదువెందుకని ఇంట్లో రోజూ గొడవ. ఏం చేయమంటారు?
– ఓ తండ్రి, ప్రకాశం జిల్లా

జవాబు: దీనికి సమాధానం మీ పాకలోనే ఉందండీ. పొదుగువాపు వచ్చిన గేదెకు యాంటీబయాటిక్ ఇంజక్షన్లు చేయించిన రోజుల్లో ఆ పాలు ఎప్పుడైనా తోడు పెట్టారా? ఒక్కోసారి ఎంతకీ తోడుకోవు. పాలల్లోకి దిగిన మందు తోడులోని సూక్ష్మజీవులను చంపేస్తుంది. ల్యాబ్‌లో చేసే కొన్ని పరీక్షలూ ఇంతే. పాలల్లో సూక్ష్మజీవులను కలిపి పెరుగుతున్నాయా లేదా చూస్తారు. పెరగలేదంటే మందు ఉందేమోనని అనుమానించి, అదేమిటో, ఎంత ఉందో తేల్చే పరీక్షకు పంపుతారు. అసలు ఏ మందు ఎన్నాళ్లు పాలల్లోకి వస్తుంది, ఎన్ని పూటల పాలు అమ్మకూడదు అన్నది చెప్పాలంటే మందూ తెలియాలి, పశువు ఒళ్లూ తెలియాలి. ఆ రెండూ తెలిసింది మీ అమ్మాయికే. (ఇంజక్షన్ చేయించిన గేదె పాలు పాలకేంద్రానికి పోస్తున్నారేమో, డాక్టర్ చెప్పిన గడువు దాటేదాకా ఆపండి.)

కోళ్లకు, పశువులకు వాడే కొలిస్టిన్‌ను కేంద్ర ప్రభుత్వం 2019లో నిషేధించింది. ఏ మందూ పనిచేయని రోగికి ఆఖర్న ఇచ్చే యాంటీబయాటిక్ అది. షెడ్లలో ఎడాపెడా వాడితే సూక్ష్మజీవులు దానికి లొంగకుండా తయారై, ఆసుపత్రిలో మనిషికి పనికిరాకుండా పోతుంది. ఈ రెంటికీ మధ్య లంకె వెతకడమే ఆమె చేస్తానంటున్న రీసెర్చ్.

మాంసం సంగతీ అంతే. కబేళాలో తెల్లవారుజామునే జబ్బేమైనా ఉందేమోనని జీవాలను నడిపించి చూస్తారు. కోశాక కార్జం చీల్చి జలగలున్నాయా, ఊపిరితిత్తుల్లో నీటితిత్తులున్నాయా అని వెతుకుతారు. ల్యాబ్‌లో సాల్మొనెల్లా (తిండి ద్వారా వాంతులు, విరేచనాలు తెచ్చే బ్యాక్టీరియా) కోసమైతే 25 గ్రాముల మాంసాన్ని 225 మిల్లీలీటర్ల ద్రావణంలో కలిపి, 37 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచుతారు. అక్కడి నుంచి ఒక మీడియం (బ్యాక్టీరియా పెరగడానికి వేసే ఆహారం) లోంచి ఇంకోదాంట్లోకి మారుస్తూ పోతే, రోజుల తర్వాత ఎర్రటి ప్లేటు మీద నడుమ నల్లచుక్కలున్న మచ్చలు కనిపిస్తాయి. అవీ సాల్మొనెల్లాయేనని మళ్లీ రుజువు చేయాలి. ఓపిక లేనివాళ్లకు ఈ పని నరకం.

ఉద్యోగాల టెన్షన్ అక్కర్లేదు. ఎంవీఎస్సీ చేసినా వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్ (ప్రభుత్వ పశువుల డాక్టర్) పోస్టుకు పోటీ పడవచ్చు. ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ పోస్టుకు బీవీఎస్సీతోనే అర్హత ఉంది. రీసెర్చ్‌కైతే హైదరాబాద్ చెంగిచర్లలో మాంస పరిశోధన సంస్థ, గచ్చిబౌలిలో నియాబ్ (జాతీయ పశు బయోటెక్నాలజీ సంస్థ), బరేలీ దగ్గర ఇజ్జత్‌నగర్‌లో ఐవీఆర్ఐ (భారత పశువైద్య పరిశోధన సంస్థ) ఉన్నాయి. కాకపోతే ఒక మాట దాచను. పర్మనెంట్ సైంటిస్టు పోస్టులు కొద్ది. పీహెచ్‌డీ అయ్యాక కూడా కొన్నాళ్లు ప్రాజెక్టుల మీద కాంట్రాక్టుగా నెట్టుకురావాల్సి రావచ్చు. ప్రాక్టీసు పెట్టుకున్న క్లాస్‌మేట్లు అప్పటికే కారు కొని ఉంటారు. అది తట్టుకోగలదా అని అడగండి.

ఇంటర్న్‌షిప్ ఏడాది ఎలాగూ ఉంది. అందులో ఓ వారం కబేళాకు, ఓ వారం ల్యాబ్‌కు వెళ్లి చూడనివ్వండి. ఈసుడు రోగం (పశువుల్లో గర్భస్రావం తెచ్చే బ్రూసెల్లోసిస్) బ్యాక్టీరియా డాక్టర్లకూ అంటుకుంటుంది కాబట్టి గ్లవ్స్ లేకుండా శాంపిల్ ముట్టుకోవద్దని చెప్పండి. దరఖాస్తు సంగతి ఆ రెండు వారాలు అయ్యాక చూద్దాం.