ఎయిర్ గన్‌లో స్ప్రింగ్ మార్చాలి, గట్టిది వేస్తే పవర్ పెరుగుతుందా?

అడిగినాయన దగ్గరున్నది బ్యారెల్ వంచి కాక్ చేసే (అంటే లోపలి స్ప్రింగ్‌ని నొక్కి ట్రిగ్గర్‌కి తగిలించే) మామూలు 0.177 అంగుళాల కన్నం గన్ను. దెబ్బ తగ్గిపోయిందట, లావు తీగ స్ప్రింగ్ కొననా పాతలాంటిదే కొననా అంటున్నారు. పాతలాంటిదే కొనండి. అదీ వాషర్ (స్ప్రింగ్ తోసే పిస్టన్ ముందు గాలి కారకుండా ఉండే బిళ్ళ) చూసుకున్నాకే. పనున్నవాళ్ళు ఇక్కడితో ఆపెయ్యొచ్చు, ఇక మిగతాదంతా మా మావయ్య గన్ను గోల.

మాది పర్లాకిమిడి. మా మావయ్య యాత్రల్లో, సంతల్లో బెలూన్ షూటింగ్ కొట్టు పెట్టేవాడు, ఒక అట్ట బోర్డు, దానికి బెలూన్లు, రెండు గన్నులు, అంతే. కోవిడ్‌కి ముందు బరంపురం ఠాకురాణి యాత్రకి నన్ను కూడా తీసుకెళ్ళాడు (రెండేళ్ళకోసారి చేస్తారు, వారాల తరబడి జరుగుతుంది, సగం బజారు తెలుగే వినపడుతుంది). నాలుగో రాత్రికి ఒక గన్ను నీరసపడిపోయింది. పెల్లెట్ (చిన్న గుండు) వెళ్ళి బెలూన్‌కి తగిలి, అది పేలకుండా కొంచెం ఊగి, పెల్లెట్ కింద పడింది. డబ్బులిచ్చిన గుంటడు "ఇదేటి మావా, దొంగ తుపాకీ" అని అందరికీ వినబడేలా అన్నాడు. పరువు పోయింది.

మర్నాడు మావయ్య ఊళ్ళో ఒక షాపుకెళ్ళి "పవర్ స్ప్రింగ్ ఉందా" అని అడిగాడు. అలా అడిగితే ఏమిస్తారు, లావుగా ఉన్నదే ఇస్తారు. పాతది 3 మి.మీ. తీగ, ఇచ్చింది 3.4. చూడ్డానికి ఏముంది, వెంట్రుకవాసి తేడా. కానీ స్ప్రింగ్ బిరుసు తీగ మందం నాలుగో ఘాతంలో (మందం × మందం × మందం × మందం) పెరుగుతుంది, మిగతావన్నీ అలాగే ఉంటే 3 నుంచి 3.4కి వెళ్ళేసరికి దాదాపు 65 శాతం ఎక్కువ. ఈ లెక్క నాకు అప్పుడు తెలిస్తే కదా.

పాతది విప్పడమే ఒక కథ. లోపల స్ప్రింగ్ ఎప్పుడూ కొంత నొక్కుకునే ఉంటుంది, క్లాంప్ పెట్టి నెమ్మదిగా వదలాలి. మావయ్య గన్ను పొట్టకి ఆనించి, వెనక క్యాప్ అరచేత్తో నొక్కి పట్టి, నన్ను పిన్ను లాగమన్నాడు. లాగాను. క్యాప్ చేతిలోంచి జారి ఎగిరి పైన ట్యూబ్‌లైట్‌కి తగిలింది, గాజు ముక్కలన్నీ పక్క కొట్టు బజ్జీల పళ్ళెంలో పడ్డాయి. ఆ బజ్జీల డబ్బులు కూడా మేమే కట్టాం. మొహానికి తగలనందుకు ఇప్పటికీ దండం పెట్టుకుంటాను, మీరు మాత్రం అలా చెయ్యకండి.

కొత్తది ఎక్కించాక బ్యారెల్ ఎంత వంచినా ట్రిగ్గర్ పట్టలేదు. ఎందుకంటే 30 చుట్లు, ఒక్కోటి 3.4, పూర్తిగా నొక్కుకుంటే చుట్టుకి చుట్టు ఆనుకుని 102 మి.మీ. ఉంటుంది, లోపల దానికి మిగిలే జాగా 98. ఇంకెక్కడికి వెళ్తుంది? ఒక లేత్ షాపులో రెండు చుట్లు కోయించేశాం. కోస్తే కాస్త మెత్తబడుతుంది కూడా అనుకున్నాం, తీరా చుట్లు తగ్గితే స్ప్రింగ్ ఇంకా బిరుసెక్కుతుందట! కోసిన కొనని కూడా చదును చేసి గ్రైండింగ్ పట్టలేదు, అలాగే కత్తిలా వదిలేశాడు.

ఆ రాత్రి గన్ను భలే పేలింది. కాకపోతే ఆడవాళ్ళూ పిల్లలూ ఎవరూ కాక్ చెయ్యలేక ప్రతిసారీ నేనే వంచాలి, తెల్లారేసరికి నా బొటనవేలి మొదట్లో బొబ్బ. సైటు స్క్రూలు వదులైపోయి గురి ఒకటైతే తగిలేది ఇంకోటి. రెండో రాత్రి టంగుమని లోపల గంట కొట్టినట్టు మోగింది, అయిపోయింది. విప్పితే స్ప్రింగ్ రెండు ముక్కలు, కోసిన కొన స్ప్రింగ్ లోపల ఉండే గైడ్ రాడ్డుని చెక్కేసింది, గ్రీజులో ఇనుప పొడి మెరుస్తోంది.

అప్పుడు కనబడింది అసలు దొంగ. పిస్టన్ ముందుండే ప్లాస్టిక్ వాషర్ అంచు ఎలక కొరికినట్టుంది. మొదట్నుంచీ గాలి అక్కడే పోతోంది, పాత స్ప్రింగ్ శుభ్రంగా ఉంది. వాషర్ ఎందుకు పోయిందంటే మావయ్యే రోజూ బ్యారెల్ వెనక కన్నంలో కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు వేసేవాడు. గాలి ఒక్కసారి నొక్కుకుంటే వేడెక్కి ఆ నూనె అంటుకుంటుంది, ఢాం అని మోత, పొగ, పిల్లలు నిజం తుపాకీ అని ఎగబడేవారు. అది మన వ్యాపారం బాబూ, వాషర్‌కి చావు. పెల్లెట్ లేకుండా పేల్చినా అంతే, పిస్టన్‌కి ఆపుదల లేక వెళ్ళి గుద్దుకుంటుంది.

కాబట్టి ముందు బ్యారెల్ వంగే అతుకు మీద టిష్యూ పేపర్ ముక్క పెట్టి పెల్లెట్ వేసి పేల్చండి. పేపర్ ఎగిరితే అక్కడి రబ్బరు పోయినట్టు, పది నిమిషాల పని. అది బాగుంటే విప్పి వాషర్ చూడండి. నన్నడిగితే తోలు వాషర్‌ని మించింది లేదు, ఎవరేమన్నా సరే. ఆ తర్వాతే స్ప్రింగ్. పాతది వంకర తిరిగినా పొట్టిదైపోయినా వెర్నియర్‌తో తీగ మందం, బయట వ్యాసం, లోపల వ్యాసం కొలిచి, చుట్లు లెక్కపెట్టి, అదే కొనండి. పొడుగు ఒక్కటే చూసి కొనకండి, వాడిన స్ప్రింగ్ ఎలాగూ కుంగి ఉంటుంది. లోపలి వ్యాసం గైడ్ రాడ్డు మీద బిగుతుగా కూర్చోవాలి, వదులైతే పేల్చినప్పుడల్లా తంబురా మీటినట్టుంటుంది.

ఇంకో గోల. రిపేరుకి గన్ను పట్టుకుని పాతపట్నం వెళ్తుంటే (1936లో ఒడిశా విడదీసి గీత గీసినప్పుడు మేం ఒడిశాలో పడ్డాం, వాళ్ళు అటు ఆంధ్ర వైపు పడ్డారు, మధ్యలో మహేంద్రతనయ నది) చెక్‌పోస్టులో ఒకాయన లైసెన్సేదన్నాడు. 2016 ఆయుధాల రూల్స్ ప్రకారం కన్నం 0.177 అంగుళాలు, పెల్లెట్ బయటికొచ్చే శక్తి 20 జౌళ్ళు దాటని దానికి లైసెన్స్ అక్కర్లేదని చెప్తే, "జౌళ్ళు అంటే ఏటి" అని గంట నిలబెట్టాడు. లావు స్ప్రింగులు వేసుకునేవాళ్ళు ఆ 20 కూడా గుర్తుపెట్టుకోండి. పిట్టల్ని కొట్టడానికి పవర్ కావాలంటే మాత్రం నన్నడక్కండి.

మీ పాత స్ప్రింగ్ కొలతలు కింద రాయండి, చూసి చెప్తాను. ఈలోగా ఎవరైనా రెండు చుట్లు కోసేస్తే సరిపోతుందంటే, మా అత్త ఇంటి తలుపుకి అడ్డం పెడుతున్న ఆ విరిగిన ముక్క ఫోటో పంపిస్తాను.