ఆడపిల్లకు యూరాలజీ ఎందుకంటున్నారు!

ప్రశ్న: మా బిడ్డ నల్లగొండ మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్ ఫైనలియర్. యూరాలజీ చేసి కిడ్నీ మార్పిడి సర్జన్ అవుతానంటోంది. అంతా అయ్యేసరికి ముప్పై దాటుతుంది. మగ పేషెంట్లను చూడాల్సిన బ్రాంచి అని చుట్టాలు నవ్వుతున్నారు. నెఫ్రాలజీ మేలా? లేక నేరుగా రోబోటిక్ సర్జరీ నేర్చుకోవచ్చా? – ఒక తండ్రి, మిర్యాలగూడ

జవాబు: పోలిక అడిగారు గానీ, మీ దిగులంతా పెళ్లి గురించే. ముందు లెక్క చూద్దాం. హౌస్ సర్జన్సీ తర్వాత ఎంఎస్ జనరల్ సర్జరీ 3 ఏళ్లు, దానిమీద సూపర్ స్పెషాలిటీ డిగ్రీ ఎంసీహెచ్ యూరాలజీ 3 ఏళ్లు. నెఫ్రాలజీకి ఎండీ 3, దాని సూపర్ స్పెషాలిటీ డీఎం 3. కాలంలో తేడా ఏమీ లేదు. ఈ ఆరేళ్లూ స్టైపెండ్ వస్తుంది. కిడ్నీ జబ్బులకు మందులు, డయాలసిస్ నెఫ్రాలజిస్టు చూస్తారు, కోసి కుట్టేది యూరాలజిస్టు. మీ అమ్మాయికి కత్తి మీద మనసుంటే నెఫ్రాలజీ వైపు తోయకండి.

చుట్టాల నవ్వు సంగతి. మగ గైనకాలజిస్టు దగ్గరికి మన ఆడవాళ్లు వెళ్తే ఎవరూ నవ్వరే! దగ్గితే మూత్రం పడిపోతుందని మగ డాక్టరుకు చెప్పుకోలేక ఏళ్లకేళ్లు దాచుకునే తల్లులు మీ వీధిలోనే ఉంటారు. మహిళా యూరాలజిస్టులు తక్కువ, వాళ్ల అవసరం ఎక్కువ. బిడ్డ భవిష్యత్తును చుట్టాల నోటికి అప్పగించడం తండ్రి పని కాదు.

ఇక మార్పిడి. దాత నుంచి ఎక్కువగా ఎడమ కిడ్నీ తీస్తారు, దాని సిర పొడుగు గనక కుట్టడం సులువు. ఐసులో చల్లబరిచి, గ్రహీత పొత్తికడుపులో ఎక్కువగా కుడి పక్కన పెట్టి సిర, ధమని కలుపుతారు. పాత కిడ్నీలు మామూలుగా అక్కడే ఉంటాయి. రక్తం ఆపడానికి నాళాలకు బిగించిన క్లాంపులు తీయగానే పాలిపోయిన కిడ్నీ గులాబీ రంగుకు తిరగాలి. ఆ తర్వాత మూత్రనాళాన్ని మూత్రాశయానికి కుడతారు. ధమనిలో గడ్డ కడితే గంటల్లోనే కిడ్నీ పోతుంది. మూత్రనాళం చివరకు రక్తం అందకపోతే కుట్టు దగ్గర మూత్రం కారుతుంది. బ్రెయిన్ డెడ్ అయినవాళ్ల అవయవాలు పంచే సర్కారు పథకం జీవన్‌దాన్ నుంచి కిడ్నీ వచ్చిందంటే అర్ధరాత్రయినా పరుగెత్తాలి.

ఇంత గొప్ప పనే గానీ, దీన్నొక్కదాన్నే నమ్ముకుని బతికేవాళ్లు తక్కువ. 1994 అవయవ మార్పిడి చట్టం కింద అనుమతి ఉన్న ఆసుపత్రిలోనే మార్పిడి చేయాలి. మన దగ్గర ఆ పని ఎక్కువగా జరిగేది హైదరాబాద్‌లోని నిమ్స్, ఉస్మానియా, కార్పొరేట్ ఆసుపత్రుల్లోనే. మిర్యాలగూడలో ప్రాక్టీసు పెడితే రోజూ చూసేవి రాళ్లు, ప్రోస్టేటు, మూత్రనాళంలో పెట్టే సన్నని గొట్టాలైన స్టెంట్లే. కిడ్నీలో రాయి 2 సెంటీమీటర్లు దాటితే మామూలుగా వీపు నుంచి రంధ్రం చేసి తీయాలి. అలాంటి గొట్టమే అయిన డీజే స్టెంటు వేసుకుని ఊరికి పోయి మరిచిపోయిన రైతుకు, ఏడాది తిరిగేసరికి ఆ స్టెంటు మీదే రాయి పేరుకుపోతుంది. ఆ తలనొప్పి కూడా ఇష్టపడితేనే యూరాలజీ.

రోబో మాటకొస్తే, నాకు దానిమీద అనుమానాలే ఎక్కువ. అది డిగ్రీ కాదు, పనిముట్టు. కోట్ల మెషీను, కొన్న ఆసుపత్రే దిక్కు. ఎంసీహెచ్ అయ్యాక ఏడాది ఫెలోషిప్‌లో నేర్చుకోవచ్చు, తప్పులేదు. కానీ రోబో నడిపేటప్పుడు రక్తనాళం తెగి పొంగితే, పొట్ట తెరిచి చేత్తో పట్టుకోవాల్సింది ఆమే. ఆ చేయి ఎంఎస్‌లో తయారవుతుంది. అందుకే పీజీ కాలేజీ ఎంచుకునేటప్పుడు పేరు చూడకండి, జూనియర్లకు ఎన్ని కేసులు చేతికిస్తారో అక్కడి సీనియర్లను అడగమనండి. చదువయ్యాక కొన్నాళ్లు సర్కారు ఆసుపత్రిలో పనిచేయాలనే బాండు షరతులు చేరకముందే చదవాలి.

అసలు అడగాల్సింది మీరు అడగలేదు. యూరాలజీ థియేటర్లో, ఆపరేషన్ చేస్తూనే లోపలి బొమ్మ చూపించే సీ-ఆర్మ్ ఎక్స్-రే వాడకం ఎక్కువ. సీసపు ఏప్రన్ బరువుకు నడుము పడుతుంది. గర్భం వస్తే యూనిట్ చీఫ్‌కు వెంటనే చెప్పి, ఒంటికి ఎంత ఎక్స్-రే తగిలిందో లెక్కించే రేడియేషన్ బ్యాడ్జి పెట్టుకుని, సీ-ఆర్మ్ అక్కర్లేని కేసులకు మారాలి. ఇవన్నీ కుదిరే సంగతులే. పెళ్లి ఎప్పుడన్నది మాత్రం చుట్టాలను కాదు, ఆమెను కూర్చోబెట్టి అడగండి.