జిప్సీకి సొంతంగా అమర్చిన చల్లగాలి గొట్టం: ఇంజను మందగింపునకు కారణం

ఇంజనుకు చల్లగాలి అందించాలని కోన్ ఫిల్టరు (శంకువు ఆకారపు గాలి వడపోత), పీవీసీ గొట్టం అమర్చిన తరువాత చెన్నై ట్రాఫిక్‌లో మీ మారుతి జిప్సీ మందగిస్తోందని రాశారు. ఫిల్టరు బానెట్ కింద తెరిచి ఉన్నందువల్ల అది పీల్చేది ఇంజను వేడిగాలినే; గాలి 10 డిగ్రీలు వేడెక్కితే సాంద్రత సుమారు 3 శాతం తగ్గి, ఇంజను శక్తి కూడా తగ్గుతుంది కనుక, నిజానికి కంపెనీ అమర్చి ఇచ్చిన మూసి ఉన్న ఫిల్టరు పెట్టె దీనికన్నా మేలు. ఫిల్టరు చుట్టూ అల్యూమినియం రేకుతో పెట్టె కట్టి, దాని పై అంచును రబ్బరు బీడింగుతో బానెట్‌కు ఆనించి, బయటి గాలిని ఫెండరు పైభాగం నుంచి తీసుకోండి. గొట్టం మూతిని బంపరు వెనక్కు మాత్రం దింపవద్దు. వానాకాలంలో చెన్నైలో నీళ్లు నిలిచే వేళచ్చేరి లాంటి చోట బండి నీళ్లలో దిగినప్పుడు ఇంజను నీరు పీల్చితే, పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్డు వంగిపోవచ్చు. పీవీసీ వేడికి మెత్తబడుతుంది కాబట్టి అల్యూమినియం గొట్టం, సిలికాన్ హోసులు చెన్నైలోని వాహన విడిభాగాల బజారు పుదుపేటలో వెతకండి. ఫిల్టరు తరువాతి అతుకుల్లో సందు ఉంటే ధూళి నేరుగా సిలిండర్లకు చేరుతుంది.