పరీక్షల్లో కనిపించని దుష్ఫలితం తర్వాత ఎలా బయటపడుతుంది?

ప్రశ్న: మా నాన్నగారు మోకాళ్ల నొప్పులకు మాత్రలు వాడుతున్నారు. వేలమందిపై పరీక్షించి అనుమతించిన వయాక్స్ అనే నొప్పి మాత్రను, గుండెపోటు ముప్పు ఉందని తర్వాత వెనక్కి తీసుకున్నారని చదివాను. ఆ ముప్పు ముందే ఎందుకు తెలియలేదు?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మూడు వేలమందిలో ఒక్కరికీ ఒక దుష్ఫలితం కనిపించలేదంటే, అది అసలు లేదని అర్థం కాదు, నూటికి 95 పాళ్ల నమ్మకంతో చెప్పగలిగినది, అది వెయ్యిమందిలో ఒకరికి మించి రాకపోవచ్చునని మాత్రమే. ఆ మందును మూడు లక్షలమంది వాడితే, ఆ వెయ్యికొకరే మూడు వందలమంది అవుతారు.

వయాక్స్ విషయంలో చిక్కు ఇంకొకటి. ఒంటిపై ఎన్నడూ చూడని దద్దుర్లు లేస్తే మందును అనుమానిస్తాం గాని, కీళ్ల నొప్పులున్న పెద్దవయసువారికి గుండెపోటు వస్తే మందును ఎవరు తప్పుపడతారు? అటువంటప్పుడు పోల్చి చూడటమే దారి. 2000లో ప్రచురించిన పరీక్షలో, ఎనిమిది వేలకు పైగా కీళ్లవాత రోగులలో, నాప్రోక్సెన్ అనే మరో నొప్పి మాత్ర వాడినవారి కంటే వయాక్స్ వాడినవారికి గుండెపోట్లు దాదాపు నాలుగు రెట్లు వచ్చాయి. అయితే నాప్రోక్సెనే గుండెను కాపాడి ఉంటుందని తయారీ సంస్థ వాదించింది. మందు లేని ఉత్తుత్తి మాత్ర వాడిన మూడో జట్టు ఆ పరీక్షలో లేదు కనుక ఆ వాదనను అక్కడికక్కడే తోసిపుచ్చడం కుదరలేదు. నా దృష్టిలో అసలు లోపం అదే. ఉత్తుత్తి మాత్రతో పోల్చిన మరో పరీక్షలో, నూరుమందిని ఏడాదిపాటు గమనించిన లెక్కన గుండెపోటు, పక్షవాతం వంటివి ఉత్తుత్తి మాత్ర జట్టులో 0.78 ఉండగా వయాక్స్ జట్టులో 1.50 అని తేలాక, 2004 సెప్టెంబరు 30న ఆ మందును ఉపసంహరించారు.

పరీక్షల బయట, మామూలు రోగుల్లో చూడటం మరింత కష్టం, ఎందుకంటే ఎవరికి ఏ మాత్ర ఇవ్వాలో అక్కడ చీటీలు వేసి తేల్చరు. జబ్బు ముదిరినవారికే కొత్త మందు రాస్తే, జబ్బు చేసిన కీడు మందు ఖాతాలో పడుతుంది. 2005లో అచ్చయిన కాలిఫోర్నియా అధ్యయనం ఈ చిక్కును కొంత తప్పించుకుంది. నొప్పి మాత్రలు వాడిన సుమారు 14 లక్షలమంది రికార్డుల నుంచి తీవ్రమైన గుండెజబ్బు వచ్చిన 8,143 మందిని తీసి, ఒక్కొక్కరికి అదే వయసు, అదే లింగం గలవారిని, జబ్బు రానివారిలోంచి దాదాపు నలుగురేసి జత కలిపారు. వయాక్స్‌ను మందు వాడనివారితోనే గాక, అదే కోవకు చెందిన సెలెకాక్సిబ్ వాడినవారితోనూ పోల్చారు. నొప్పి ఇద్దరికీ ఉంది, మాత్ర ఒక్కటే వేరు; అయినా ముప్పు సుమారు 1.6 రెట్లుగా కనిపించింది.

ఇది చదివి నాన్నగారి మాత్రలను మీ అంతట మీరు ఆపకండి. ఆయన గుండె పరిస్థితి ఎరిగిన వైద్యుడినే అడగండి.