బయాప్సీ తేల్చకపోతే ఎంఆర్‌ఐ ఏం చెబుతుంది?

హైదరాబాద్‌లో మీ నాన్నగారికి చేసిన ప్రోస్టేట్ బయాప్సీలో క్యాన్సర్ అని తేల్చకుండా "అనుమానాస్పద కణాలు" అని రాశారు, మళ్లీ బయాప్సీయా, ఎంఆర్‌ఐయా అని అడిగారు.

ముందు ఎంఆర్‌ఐ తీయించండి. మామూలు బయాప్సీలో గ్రంథిలో పది పన్నెండు చోట్ల ముక్కలు తీస్తారు. అసలు గడ్డ వాటి మధ్యలో తప్పిపోవచ్చు. 2017లో వెలువడిన బ్రిటన్ ప్రోమిస్ అధ్యయనంలో ప్రమాదకరమైన క్యాన్సర్లను ఎంఆర్‌ఐ 93 శాతం పసిగడితే, అలాంటి బయాప్సీ 48 శాతమే పట్టుకుంది. అయితే వాళ్లంతా మొదటిసారి బయాప్సీకి వచ్చినవాళ్లు.

రిపోర్టులో పైరాడ్స్ స్కోరు (క్యాన్సర్ అనుమానం ఎంతో 1 నుంచి 5 వరకు చెప్పే అంకె) చూడండి. 1, 2 అయితే అనుమానం తక్కువ. 4, 5 అయితే స్కాన్‌లో కనిపించిన మచ్చకే గురిపెట్టి బయాప్సీ చేస్తారు. 3 వస్తేనే ఎటూ తేలదు. అప్పుడు పీఎస్‌ఏని (రక్తపరీక్షలో కొలిచే ప్రోస్టేట్ ప్రోటీన్) గ్రంథి పరిమాణంతో భాగిస్తారు, 0.15 దాటితే బయాప్సీ వైపే మొగ్గుతారు. స్కోరు తక్కువైనా పీఎస్‌ఏ పరీక్షలు మాత్రం మానొద్దు, ఎంఆర్‌ఐకి అందని క్యాన్సర్లూ ఉంటాయి.

బయాప్సీ అయిన వెంటనే ఎంఆర్‌ఐకి వెళ్లకండి. లోపల మిగిలిన రక్తం మచ్చల్లా కనిపించి తికమక పెడుతుంది, 6 నుంచి 8 వారాలు ఆగితే మంచిది. చీటీలో ఉత్త "పెల్విస్ ఎంఆర్‌ఐ" కాకుండా "మల్టీపారామెట్రిక్ ప్రోస్టేట్ ఎంఆర్‌ఐ" (ప్రోస్టేట్‌ని పలు రకాల చిత్రాలతో చూసే స్కాన్) అని యూరాలజిస్టుతో రాయించుకోండి. పాత బయాప్సీ రిపోర్టు, పీఎస్‌ఏ కాగితాలు స్కాన్ సెంటర్‌కి తీసుకెళ్లండి.