ఉల్లికి ఆకులే వస్తున్నాయా? ఎరువు మానేసి విత్తనం సంగతి చూడండి

నల్లగొండలో మీ పెరటి ఉల్లికి ఆకులు ఏపుగా పెరుగుతున్నా గడ్డ ఊరడం లేదని, ఏ ఎరువు వేయాలని అడిగారు. ఏ ఎరువూ వద్దు. ఆ విత్తనం ఎక్కడిదో ముందు చూసుకోండి. ఇదే పొరపాటుతో నేను ఒక యాసంగి పోగొట్టుకున్నాను.

మాది దేవరకద్ర వైపు. అమెరికా నుంచి వచ్చిన మా బావ పసుపుపచ్చ ఉల్లి విత్తనాల పొట్లం తెచ్చాడు. దానిపై బొమ్మలో గడ్డ కొబ్బరికాయంత ఉంది. ఆశపడి నారు పోసి, మా నాయన వేసిన ఎర్ర ఉల్లి పక్కనే నాలుగు మడులు నాటాను. మార్చి చివరికి నాయన మడుల్లో కాడల మెడలు వాలి గడ్డ తేలింది గాని, నావి నిటారుగా నిలబడి ఆకులు వేస్తూనే ఉన్నాయి. రెండుసార్లు యూరియా చల్లాను, అవి ఇంకా పచ్చబడ్డాయి. “ఇది ఉల్లిగడ్డ కాదురా, ఉల్లి గడ్డి” అని నాయన నవ్వాడు. జూన్ దాకా కాపలా కాసి, చివరికి కాడలు కోసి కూర వండుకున్నాము.

ఉల్లి గడ్డ కట్టాలంటే పగటి నిడివి దాని రకానికి సరిపడే మేరకు పెరగాలి. ఉత్తరాది చల్లని దేశాల రకాలకు 14 గంటలకు పైబడిన పగలు కావాలి. మన పాలమూరు, నల్లగొండల్లో జూన్ 21న కూడా పగలు సుమారు 13 గంటలే కాబట్టి, అవి ఎన్నాళ్లున్నా ఎదురుచూస్తూనే ఉంటాయి. మనకు 11, 12 గంటల పగటికే ఊరే పొట్టి పగటి రకాలు కావాలి.

వాటిలోనూ కాలం చూడాలి: వానాకాలానికి ఎన్-53, అగ్రిఫౌండ్ డార్క్ రెడ్, భీమా సూపర్ వంటివి, యాసంగికి అగ్రిఫౌండ్ లైట్ రెడ్, ఎన్-2-4-1 వంటివి. యాసంగి రకాన్ని వానాకాలంలో వేస్తే, పగలు తగ్గుతూ పోయే ఆ రోజుల్లో గడ్డ సరిగా కట్టక మళ్లీ ఆకులే మిగులుతాయి. విత్తనాల దుకాణంలో రకం పేరు అడిగితే “మంచి ఉల్లి సార్” అనడం తప్ప వేరే జవాబు నాకు దొరకలేదు. పేరు లేని పొట్లాన్ని ఎంత చౌకగా ఇచ్చినా కొనకండి.

సగం పొట్లం ఇంకా మా బీరువాలోనే ఉంది. ఫోన్ చేసినప్పుడల్లా బావ దాని గురించి అడుగుతాడు, నేను మాట మారుస్తాను.